గ్లాసులోంచి గిన్నెలోకి

పెళ్ళయి పదకొండు వారాలైంది. కొత్త కాపురంలో అన్నీ వింతే. మంచానికి కిటికీ వైపు ఎవరిదన్నది ఒక వింత. ఇద్దరే ఉన్న ఇంట్లో రోజుకి పద్నాలుగు చెంచాలు ఎలా మాసిపోతాయన్నది ఇంకో వింత. బయట తాళంచెవి చప్పుడైతే చాలు, లోపలున్న మనిషి గుండె ఇప్పటికీ గంతులేయడం అన్నిటికన్నా పెద్ద వింత.

ఇల్లు చిన్నది. రెండు గదులు, ఒక వంటిల్లు, దాని వెనక చేతులు చాపితే రెండు గోడలూ తగిలే కొట్టుగది. వంటింటి కిటికీలోంచి పొద్దున పదింటికి జానెడు ఎండ వచ్చి పొయ్యి పక్క గట్టు మీద కూర్చుంటుంది, పదకొండున్నరకి లేచిపోతుంది. ఆదివారం వస్తే ఆ జానెడు ఎండ కోసం మొగుడూ పెళ్ళాం పోట్లాట. అక్కడ వెన్న పెట్టి మెత్తబరచుకోవాలని ఆమె. అక్కడ గ్లాసు పెట్టి స్టౌట్ రంగు చూడాలని అతను.

స్టౌట్ అంటే నల్లబీరు. బాగా వేయించిన బార్లీతో చేస్తారు కాబట్టి డికాషనంత నల్లగా ఉంటుంది, పైన లేత గోధుమరంగు నురగ. అతను బీరు తయారుచేసే ఒక చిన్న బ్రూవరీలో పనిచేస్తాడు. అక్కడ అందరూ అతన్ని నురగయ్య అంటారు. గుటక వేశాక మీసం మీద అంటిన నురగ గంటసేపు అలాగే ఉంటుంది, ఆ సంగతి అతనికి తప్ప అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షిస్తుంది. గోడ మీది అక్షరాలు చదివిస్తూ, కంటి ముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా? ఇదా?" అని పొద్దస్తమానం అడుగుతుంది. అందుకని అత్తవారింట్లో ఆమె అద్దాలమ్మాయి అయింది. కనబడకపోయినా మొహమాటానికి కనబడుతోందనేవాళ్ళని చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. "అవుననేసి నన్ను సంతోషపెడితే ఏం లాభమండీ? రేపు మెట్ల మీంచి పడేది మీరు కదా!" అని మొహమ్మీదే అనేస్తుంది.

నురగయ్య ఆ షాపుకి చూపు చూపించుకోవడానికే వచ్చాడు. కళ్ళజోడు తీసుకున్న మర్నాడు మళ్ళీ వచ్చాడు, చేతిలో పేరు లేని నల్లసీసాతో. "మా బ్రూవరీదండీ. మీరు రుచి చూడాలి" అన్నాడు. షాపు వెనక గదిలో, టీ కప్పులో పోసుకుని, ఆమె ఒక గుటక వేసింది.

మాడిన రొట్టెని చాకుతో గీకి, ఆ పొడి నిన్నటి కాఫీలో కలిపినట్టుంది. మింగడానికి నాలుక ఒప్పుకోలేదు, ఉమ్మడానికి మనసొప్పుకోలేదు. ఎదురుగా అతను, కొత్త అద్దాల వెనక కళ్ళు ఇంతింత చేసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఎలా ఉందండీ?"

"అద్భుతంగా ఉందండీ" అంది, రోజుకి ముప్ఫైమందిని మొహమాటం వద్దని మందలించే మనిషి.

ఆ ఒక్క మాట పట్టుకుని ఎనిమిది నెలల్లో పెళ్ళిదాకా వచ్చారు. పెళ్ళి మంచిదే. చిక్కల్లా ఏమిటంటే, ఆ అద్భుతం కూడా కాపురానికి వెంట వచ్చేసింది.

కాపురం పెట్టిన మొదటి ఆదివారం, నురగయ్య రకానికొక సీసా తెచ్చి గట్టు మీద బారుగా నిలబెట్టాడు. ఊరూరి స్టౌట్లు. ఒకటి తెరిచి, గ్లాసు పక్కకి వంచి, దాని లోపలి అంచు వెంట జారేలా పోసి, ఆగి, నురగ సర్దుకున్నాక మళ్ళీ పోశాడు. సీసా సగం ఆమెకి, సగం అతనికి.

"చూడు, ముందు వాసన. తర్వాత ఒక గుటక. తర్వాత ఒక ముద్ద. తర్వాత మళ్ళీ గుటక. మొదటి గుటక కన్నా రెండోది బాగుంటే ఆ తిండికీ ఈ స్టౌట్‌కీ జోడీ కుదిరినట్టు."

"కుదరకపోతే?"

"ఇంకో తిండి వెతుకుతాం. జోడీ కుదరకపోవడమనేది ఉండదోయ్, వెతికే ఓపిక ఉండాలంతే" అన్నాడు. ఆ మాటకి ఆమె ఆ పూటంతా మురిసిపోయింది.

పొయ్యి మీద సన్నసెగన మాంసం ఉడుకుతోంది. ఉల్లిపాయలు, క్యారెట్లు, రెండు మిరియాలు. "ఇందులో కాస్త పోస్తేనో?" అంది ఆమె గ్లాసు చూపించి, తనకో దారి దొరుకుతుందేమోనని.

అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మంచి స్టౌట్ కూరలో పోయడమంటే పట్టుబట్టతో పొయ్యి తుడిచినట్టు. ఇంకెప్పుడూ ఆ మాటనకు."

ఆ మాటనలేదు. కానీ అతను రొట్టె మర్చిపోయానని నాలిక్కరుచుకుని మెట్లు దిగి వెళ్ళాడు. గ్లాసు నిండుగా ఆమె చేతిలో ఉంది. సింకులో పోద్దామంటే ఆ నురగ ఒక పట్టాన పోదు, వచ్చి చూస్తాడు. కిటికీలోంచి పోద్దామంటే కింది వాళ్ళ దుప్పట్లు ఆరుతున్నాయి. మూత తీసి ఉన్నది ఒక్క గిన్నే. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. గభాలున పోసి మూత పెట్టేసింది.

రెండు గంటల తర్వాత నురగయ్య ఒక ముద్ద తిన్నాడు. తన గ్లాసులోంచి ఒక గుటక వేశాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి వాటిలో నీళ్ళున్నాయి.

"ఏమోయ్! నా జన్మలో ఇలాంటి జోడీ చూళ్ళేదు. ఈ మాంసం ఈ స్టౌట్ కోసమే పుట్టినట్టుంది!"

పుట్టకేం చేస్తుంది, ఆ స్టౌట్‌లోనే మునిగి ఉడికింది. ఆమె కూడా తిని చూసింది. గ్లాసులో మాడుగా ఉన్నది గిన్నెలో ఉల్లిపాయల తీపితో కలిసి, చిక్కటి, కమ్మటి రసమైపోయింది. ఆగలేక ఇంకో ముద్ద తింది. నురగయ్య ఒక లావుపాటి పుస్తకం కొని, మూడు గీతలు గీసి, స్టౌట్ పేరు, తిండి పేరు, 'బ్రహ్మాండం' అని రాసుకున్నాడు.

అంతే, అలవాటు పడింది. ప్రతి ఆదివారం ఏదో వంకన అతను వంటిల్లు దాటడం, ఆమె గ్లాసు గిన్నెలోకి వంగడం. ఉల్లిపాయ సూపు, పుట్టగొడుగుల వేపుడు, చిక్కుడుగింజలు, ఆఖరికి చాక్లెట్ కేకు పిండి కూడా. పుస్తకంలో మూడో గీత పక్కన బ్రహ్మాండం కింద బ్రహ్మాండం. ఖాళీ గ్లాసు చూసి అతను, "అప్పుడే అయిపోయిందా! నాకన్నా గట్టిదానివే" అని పొంగిపోయేవాడు. ఆమె పెదవులు తుడుచుకునేది, తుడవడానికేమీ లేకపోయినా.

ఐదో ఆదివారం ఆడపడుచు పట్టేసింది. కాలేజీ హాస్టలు తిండి తినలేక ఆదివారాలు అన్నగారింట్లో దిగబడే పిల్ల.

"వదినా! ఏం చేస్తున్నావ్?"

"ఉప్పు చూస్తున్నా."

"గ్లాసుతోనా?"

ఆమె మెల్లగా మూత పెట్టింది. "చూడు, నువ్వు బంగారుతల్లివి కదూ."

"బంగారమూ కాదు, ఇత్తడీ కాదు. అన్నయ్యా!" అని పిలవబోయింది.

"కేకులో మొదటి ముక్క నీదే."

"మూడు ముక్కలు."

"కడుపా, గోతమా? సరే, మూడు."

"మరి నచ్చలేదని చెప్పేయొచ్చుగా వదినా? అన్నయ్యేమైనా పులా?"

"పులైతే చెప్పేదాన్నే. మీ అన్నయ్య మొహం చూశావుగా, కుందేలు" అంది ఆమె. ఇద్దరూ చీరకొంగులూ చున్నీలూ నోట్లో కుక్కుకుని నవ్వుకున్నారు.

నవ్వులాట నవ్వులాటగానే ఉండేది, నురగయ్యకి సొంతంగా స్టౌట్ చెయ్యాలన్న ఆశ పుట్టకపోయి ఉంటే.

బ్రూవరీలో ఎవరి సరుకైనా పెద్దతొట్టి ఎక్కాలంటే ముందు చిన్నతొట్టిలో నెగ్గాలి. పెద్దతొట్టి అంటే వెయ్యి లీటర్లు. నురగయ్యకి చిన్నతొట్టి దొరికింది. పగలంతా బ్రూవరీలో, సాయంత్రం కాగితాల మీద, బార్లీ ఎంత వేయించాలి, వోట్స్ ఎంత కలపాలి అని లెక్కలు. నిద్రలో కూడా "ఇంకాస్త నలుపు, ఇంకాస్త" అని కలవరించేవాడు. సీసాల్లోకి ఎక్కాక మొదటి సీసా ఇంటికి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె వాసన చూసింది, గుటక వేసింది. అంతకు ముందు తాగిన వాటికి ఇది తాతలా ఉంది. పెనం అడుగు నాకినట్టు.

"అద్భుతం" అంది.

బ్రూవరీ యజమానురాలికి అరవై ఏళ్ళుంటాయి. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. పీపాలు దొర్లించి దొర్లించి భుజాలు బండల్లా తయారైన ఆవిడని పీపాలమ్మ అంటారు, వెనకాల. ఆవిడ ఒక్క గుటక వేసి, "మాడింది" అంది.

ఆ సాయంత్రం నురగయ్య నవ్వుకుంటూ వచ్చి చెప్పాడు. "పీపాలమ్మ మాడిందంది. నేనొప్పుకోలేదు. మా ఆవిడ చూపు పరీక్షించే మనిషండీ, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, ఆమె అద్భుతమంది అన్నా. ఇంకోసారి చెప్పింది, ఇంకోసారి అదే అన్నా. నీ మాట మీద నిలబడ్డా!"

ఆమె నోట్లో పెట్టుకోబోయిన రొట్టెముక్క మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

పీపాలమ్మ చివరికి ఒక మెట్టు దిగిందట. ఈ చేదు ఏ తిండితో కుదురుతుందో చూపిస్తే ఆలోచిస్తానంది. బ్రూవరీ ముందరే వాళ్ళ భోజనశాల ఉంది. నురగయ్య ఇంటి మాంసం గురించి గొప్పలు చెప్పాడు. ఎలా వండాలో చీటీ రాసిమ్మంది ఆవిడ. అద్దాలమ్మాయి చీటీ రాసింది. ఉల్లిపాయలు, క్యారెట్లు, మిరియాలు అన్నీ రాసి, స్టౌట్ అని రాయవలసిన చోట కలం ఆగిపోయింది. ఎవరి గ్లాసు పోశావంటే ఏం చెప్పాలి? 'ఒక గ్లాసు నీళ్ళు' అని రాసింది.

భోజనశాల వంటాయన మూడుసార్లు వండాడు. మూడుసార్లూ మాంసం దారి మాంసానిది, స్టౌట్ దారి స్టౌట్‌ది. పీపాలమ్మ చీటీ మడిచి నురగయ్య జేబులో పెట్టి, "ఆదివారం నేనే వస్తా. మీ ఆవిడ నా ఎదురుగా వండాలి. కుదిరితే పెద్దతొట్టి నీదే. కుదరకపోతే చిన్నతొట్టి కూడా కడిగి బోర్లించేస్తా" అంది.

ఆదివారం పదింటికల్లా ఆవిడ వచ్చేసింది. వంటింట్లో ఎత్తుపీట లాక్కుని, పొయ్యికి రెండడుగుల దూరంలో, ఆ జానెడు ఎండలో మోచెయ్యి ఆనించి కూర్చుంది. అద్దాలమ్మాయి మాంసం ముక్కలు ఎర్రగా వేయించింది. ఉల్లిపాయలు తరిగింది. కన్నీళ్ళకి ఉల్లిపాయలు మంచి సాకు. నురగయ్య తన సీసా తెరిచి, మూడు గ్లాసుల్లో పోసి, ఒకటి ఆమె చేతి దగ్గర పెట్టి, "నువ్వు రుచి చూస్తూ వండు" అని భుజం తట్టి వెళ్ళాడు.

గుమ్మం దగ్గర ఆడపడుచు వదిన మొహం చూసి రంగంలోకి దిగింది.

"పెద్దమ్మగారూ, మా అన్నయ్య చిన్నప్పటి ఫొటోలు చూస్తారా? ముందుగదిలో ఉన్నాయి."

"పెద్దయినవాణ్ణి రోజూ చూస్తున్నా. చాలు."

"పోనీ కిటికీలోంచి చూడండి, వానొచ్చేలా ఉంది!"

"ఎండ కొడుతోంది కదే."

"అదేనండీ, ఎంత ఎండో చూడండి."

"ఈ పిల్లకి ఒంట్లో బాగోలేదా?" అని పీపాలమ్మ అద్దాలమ్మాయిని అడిగింది.

"ఆకలండీ" అంది ఆమె.

ముక్కలు వేగాయి, ఉల్లిపాయలు మెత్తబడ్డాయి. ఇక పొయ్యాల్సింది పొయ్యాలి. కుడివైపు నీళ్ళ చెంబు. ఎడమవైపు స్టౌట్ గ్లాసు. పీపాలమ్మ కళ్ళు రెప్పెయ్యకుండా గిన్నె మీదే ఉన్నాయి.

అప్పుడు కొట్టుగదిలోంచి నురగయ్య కేక. "అమ్మగారూ! మిగతా సీసాల్లో నురగ ఎలా నిలిచిందో ఒక్కసారి వచ్చి చూడండీ!"

పీపాలమ్మ నిట్టూర్చి లేచింది. ఆడపడుచు ఆవిడ వెనకే వెళ్ళి, వెళుతూ వదినకి కన్నుగీటి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పదకొండు వారాల్లో ఇంత మంచి అవకాశం ఎప్పుడూ రాలేదు. అద్దాలమ్మాయి గ్లాసు పట్టుకుంది. గిన్నె మీదికి వంచింది.

వంచితే చాలు. మాంసం కుదురుతుంది, నురగయ్య నెగ్గుతాడు, సాయంత్రానికి ఈ ఇంట్లో గంతులే గంతులు. ఆ తర్వాత? వెయ్యి లీటర్ల పెద్దతొట్టి నిండా ఈ మాడు. దాన్ని డబ్బిచ్చి కొని, ఇంటికి పట్టుకెళ్ళి, నోట్లో పోసుకుని మొహం ముడుచుకునేవాళ్ళందరికీ పక్కన గిన్నె ఉండదు కదా. వాళ్ళెవరూ అతని కళ్ళలోకి చూసి అద్భుతమనరు. సీసాలు అలాగే మిగిలిపోతాయి. మర్నాడు అతను ఇంటికొచ్చి, "నువ్వు బాగుందన్నావు కదా, మరి వాళ్ళకెందుకు నచ్చలేదు?" అంటాడు.

ఆమె గ్లాసు నిటారుగా పెట్టింది.

"అందరూ ఒకసారి ఇటు రండి" అని పిలిచింది.

వచ్చారు. పీపాలమ్మ ముందు, ఆవిడ వెనక నురగయ్య, మీసం మీద నురగతో. ఆడపడుచు వద్దు వద్దని తలూపుతోంది. వాళ్ళందరూ చూస్తుండగా అద్దాలమ్మాయి గ్లాసు గిన్నెలో వంపేసింది. చుర్రుమని పొగ లేచింది.

"అయ్యయ్యో! ఏం చేశావ్?" అన్నాడు నురగయ్య.

"ప్రతి ఆదివారం చేసేదే. చీటీలో నీళ్ళని రాశాను. నీళ్ళు కాదు, ఇదీ." ఆమె గ్లాసు గట్టు మీద పెట్టింది. "నాకు స్టౌట్ నచ్చదు. మొదటిరోజు షాపులోనూ నచ్చలేదు, మొన్నా నచ్చలేదు. నీ స్టౌట్ అసలు నచ్చలేదు. మాడు వాసన."

నురగయ్య ఆ ఖాళీ గ్లాసు ఎత్తి చూశాడు.

"మరి పదకొండు వారాల సీసాలు..." అన్నాడు నురగయ్య. "నీ వాటా అంతా..."

"నువ్వే తిన్నావు."

"ఉల్లిపాయ సూపు?"

"అందులోనూ."

"పుట్టగొడుగులు?"

"ఊఁ."

"చాక్లెట్ కేకు?"

"దాన్లో గ్లాసున్నర. ఆ రోజు నీది కూడా సగం పోసేశా."

పీపాలమ్మ దగ్గుతున్నట్టు అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నురగయ్య చెల్లెలి వైపు చూశాడు. "నాకేం తెలీదన్నయ్యా" అందా పిల్ల. "ఆహా! వారం వారం మూడేసి ముక్కలు ఎందుకు పెడుతోందా అనుకున్నా" అన్నాడు. కానీ నవ్వలేదు. కొట్టుగదిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె వెనకే వెళ్ళింది. ఆ గదిలో ఇద్దరు నిలబడితే ఒకరి ఊపిరి ఇంకొకరికి తగులుతుంది. అలిగినా ఎడం జరగడానికి చోటుండదు. అతను ఒక సీసా తీసి మూత మీది దుమ్ము తుడుస్తున్నాడు. దుమ్మేమీ లేదు.

"తిట్టు" అంది ఆమె.

"తాగలేదని కాదు. తాగకపోతే మానెయ్. నాకేం, రెండో సగం కూడా నేనే తాగేవాణ్ణి." సీసా పెట్టి ఇంకోటి తీశాడు. "ఆవిడ రెండుసార్లు చెప్పింది, మాడిందని. నలభై ఏళ్ళ నాలుక అది. నేను ఆవిడ మాట కొట్టేసి నీ మాట పట్టుకున్నా. అందరి ముందూ ఎంత ఇదిగా చెప్పాను, మా ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెబుతుందని!"

ఆమెకి తన పని మాటే నోటికొచ్చింది. "తప్పు నంబరు అద్దాలిచ్చాను నీకు. మెట్ల మీంచి పడేలోపు వెనక్కి తీసుకుంటున్నా."

అతను సీసా పక్కన పెట్టాడు. "పడ్డాను కదా" అన్నాడు.

"ఒక్క మెట్టే. ఇంకా తొట్టి నిండలేదు."

"ఎందుకు చెప్పలేదోయ్?"

"నువ్వలా చూస్తావు కాబట్టి. ఇదిగో, ఇప్పుడు కూడా అలాగే చూస్తున్నావు."

"ఎలా చూస్తున్నా?"

"కుందేల్లా."

అతనికి నవ్వు రాబోయింది. ఆపుకోబోయాడు. చోటు చాలని గదిలో ఆపుకున్న నవ్వు ఎక్కడికి పోతుంది? ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. ఆమె అతని మీసం మీది నురగ చీర చెంగుతో తుడిచింది. "ఇదొకటి. ఇది కూడా నీకు ఎవరూ చెప్పలేదు. గంటసేపు ఉంటుంది, ఎప్పుడూ."

"ఎప్పుడూనా?" అతను మీసం తడుముకున్నాడు. "పెళ్ళిఫొటోల్లో కూడానా?"

"అందుకే నురగయ్యంటారు."

"నేను నా స్టౌట్‌కి నురగ బాగా నిలుస్తుందని అంటున్నారనుకున్నా!"

బయట పీపాలమ్మ గొంతు వినిపించింది. "మీ సరసాలయ్యాక బయటికి రండి. గిన్నె అడుగంటుతోంది."

గిన్నె అడుగంటలేదు. పీపాలమ్మ మంట తగ్గించి, మూత పెట్టి, ఆడపడుచు చేత క్యారెట్లు తరిగిస్తోంది. మరో గంటన్నర అందరూ ఆ చిన్న వంటింట్లో ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ తిరిగారు. ఆ వాసన గోడల్లోంచి పక్కవాళ్ళింటిదాకా వెళ్ళింది. చివరికి నలుగురూ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు, ఇంట్లో కుర్చీలు రెండే కాబట్టి.

పీపాలమ్మ ఒక ముద్ద తింది, గుటక వేసింది, మళ్ళీ తింది. రొట్టెతో పళ్ళెం అడుగు తుడిచి తిన్నాక గానీ నోరు విప్పలేదు.

"మాంసం బ్రహ్మాండం. చీటీ మళ్ళీ రాసియ్, ఈసారి నిజంగా రాయి. భోజనశాలలో పెడతా. స్టౌట్ మాత్రం మాడిందే."

నురగయ్య తల వంచుకున్నాడు. "నల్ల బార్లీ సగానికి తగ్గిస్తానండీ. వోట్స్ పెంచుతా."

"సగం కాదు, మూడో వంతు తగ్గించు చాలు. సగం తగ్గిస్తే రంగునీళ్ళవుతుంది. చిన్నతొట్టి ఇంకోసారి ఇస్తా. ఒక్కసారే." ఆవిడ అద్దాలమ్మాయి వైపు తిరిగింది. "దాన్ని రుచి చూసేది నువ్వు."

"నేనా? నాకసలు నచ్చదండీ!"

"అందుకే. బ్రూవరీలో ఉన్నవాళ్ళందరికీ నలుపంటే పిచ్చి. ఎంత మాడినా బాగుందనే అంటారు. మాడితే మాడిందని చెప్పడానికి ఒక నాలుక కావాలి."

"చెప్పకపోతే?" అంది ఆడపడుచు.

"చెప్పకపోతే మీ అన్నయ్య చేత పీపాలు కడిగిస్తా."

నాలుగు వారాలు గడిచాయి. ఆ ఆదివారాల్లో అద్దాలమ్మాయి గ్లాసులో నిమ్మరసమే ఉంది. అతను తన స్టౌట్ తాను తాగాడు, కూరలోకి ఒక గ్లాసు తన చేత్తో తానే పోశాడు. పోసేటప్పుడు మాత్రం మొహం తిప్పుకునేవాడు.

ఒక బుధవారం సాయంత్రం ఆమె షాపు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకముందే, నురగయ్య గ్లాసుతో ఎదురొచ్చాడు. కొత్తది. అడుగున రెండు వేళ్ళ మేర పోశాడు. ఆమె చేతికిచ్చి, వెళ్ళి గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

"అదేంటి?"

"నా మొహం చూస్తే నువ్వు మళ్ళీ జాలిపడతావు. ఇలా చెప్పు."

ఆమె వాసన చూసింది. గుటక వేసింది. నాలుక మీద కాసేపు నిలిపి మింగింది. తొందరపడలేదు. గోడ వైపున్న వీపు బిగుసుకుపోయి ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులు చూసినా జాలేసింది గానీ, కళ్ళు మూసుకుంది.

"నాకు నచ్చలేదు" అంది.

వీపు కాస్త కుంగింది.

"చేదే. కానీ మాడు లేదు. వెతికా, ఎక్కడా లేదు. చివర్లో వేయించిన గింజల వాసన ఏదో వచ్చింది. అదొక్కటీ బాగుంది."

"నిజంగా?"

"గోడకేసి తిరుగు."

"తిరిగే ఉన్నా. నిజంగా?"

"నిజంగా బాగుంది. అది నీ స్టౌట్ గొప్ప. ఇంకో గుటక మాత్రం తాగను, నన్నడగకు."

నురగయ్య గోడకేసి నిలబడే జేబులోంచి ఫోను తీసి పీపాలమ్మకి చేశాడు. "అమ్మగారూ! మా ఆవిడకి నచ్చలేదండీ!" అన్నాడు, కొడుకు పుట్టాడని చెప్పినట్టు. "లేదండీ, అస్సలు నచ్చలేదు! ఇంకో గుటక తాగనంటోంది! మాడు? లేదటండీ, వెతికిందట! గింజల వాసన మాత్రం బాగుందందండీ!"

అవతల ఏం వినిపించిందో గానీ అతను గాల్లోకి ఎగిరి దిగాడు. కింది వాళ్ళు చీపురుకర్రతో పైకప్పు పొడిచారు.

"సోమవారం పెద్దతొట్టి కడిగించమంది!"

ఆమె గ్లాసు అతని చేతికిచ్చి, చెప్పులు విప్పుకోవడానికి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. మిగిలినది అతనే తాగాడు. తాగి, ఎవరూ చెప్పకుండానే మీసం తుడుచుకున్నాడు.